కూత ఆగాక

చాలా ఏళ్ళుగా ఒక మాట నా లోపల కూర్చుని ఉంది. పెద్ద మాటేమీ కాదు, రెండక్షరాలు. "ఉండె." మిగతావాళ్ళు "ఉండింది" అనే చోట మా వైపు అలా అంటాం. ఇరవై ఏళ్ళ వయసులో ఆ మాట ఒకసారి పైకి అన్నాను. అప్పటి నుంచి అది బరువెక్కుతూనే ఉంది. తింటున్నా, డ్యూటీలో ఉన్నా, నలుగురిలో కూర్చుని నవ్వుతున్నా అడుగున ఎక్కడో అది ఉంటుంది. ఈ మధ్యనే అదే మాట రెండోసారి అన్నాను. మొదటిసారి కుర్రతనం, భయం అని చెప్పుకోవచ్చు. రెండోసారికి ఏం చెప్పుకోవాలి? తల నెరిసింది. మనవడున్నాడు. ఎవరికి భయపడ్డాను?

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం సులువని మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు రాసేసరికి చెమట పట్టింది. నా పేరు చెప్పను. ఇందులో ఉన్న పేర్లు కూడా అసలువి కావు. కానీ మా ఊరివాళ్ళు చదివితే ఎవరి సంగతో వెంటనే తెలిసిపోతుంది. తెలియాలనే రాస్తున్నాను.

నేను ఉండేది బహ్రెయిన్‌లో. మా ఊళ్ళో మాత్రం నేను దుబాయిలో ఉన్నట్టు లెక్క. దుబాయి నేను ఎన్నడూ చూడలేదు, మావాళ్ళకు సముద్రం దాటితే అంతా దుబాయే. మహూజ్‌లో ఒక ఫ్లాట్ల బిల్డింగుకు నాతూర్‌ని. అంటే కాపలా, మెట్లు తుడవడం, మోటారు వెయ్యడం, ఎవరి సామాన్ వస్తే వాళ్ళ తలుపు దాకా మొయ్యడం. అంతకుముందు హిద్‌లో ఓడలు బాగుచేసే యార్డులో చేశాను. ఇంకా ముందు బిల్డింగు పని. వీటన్నిటికంటే ముందు నేను కబడ్డీ ఆటగాణ్ణి.

మీరు టీవీలో చూసే ఆటగాళ్ళ లాంటివాణ్ణి అనుకోకండి. మా ఆట జాతరల్లో, మండల టోర్నమెంట్లలో. లారీ వెనక నిలబడి పోవడం, బడి వరండాలో పడుకోవడం, గెలిస్తే షీల్డు, స్టీలు బిందె. ఒకసారి మెట్‌పల్లి దగ్గర పొట్టేలును బహుమతిగా ఇచ్చారు. తిరిగొచ్చే దారిలో అది మా బనియన్లు నమిలేసింది. ఊళ్ళో దిగేసరికి ఒంటి మీద చొక్కాలు లేవు, పొట్టేలు మాత్రం ఉంది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్విన వెంటనే సాయిలు గుర్తొస్తాడు, ఎందుకంటే ఆ పొట్టేలును భుజాన వేసుకుని ఊరంతా తిప్పింది సాయిలే.

సాయిలు నాకంటే చిన్నవాడు, మా వాడకట్టు పిల్లవాడే. వాళ్ళ నాయన తాళ్ళెక్కి కల్లు గీసేవాడు. సాయిలు కూడా మీసం రాకముందే తాడెక్కాడు. ఆ కాళ్ళ బలం, ఆ ఊపిరి అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. అతను కూతకు వెళితే అవతలివాళ్ళు గీత దాకా వెనక్కి పోయేవాళ్ళు. నేను పట్టేవాణ్ణి. కాలి మడమ దగ్గర నా పట్టు పడితే విడిపించుకోవడం కష్టమని పేరు. మేమిద్దరం ఒకే జట్టులో ఉన్నంత కాలం ఏ గొడవా లేదు. అతను తాకి వచ్చేవాడు, నేను పట్టి ఆపేవాణ్ణి. ఊరు ఇద్దరినీ మెచ్చుకునేది. అయితే అతన్ని కొంచెం ఎక్కువ మెచ్చుకునేది. ఆ కొంచెం నాకు కనిపించేది. వేరే ఎవరికైనా కనిపించేదో లేదో నాకు తెలియదు.

జిల్లా జట్టుకు ఎంపికలు పెట్టారు. జిల్లా నుంచి రాష్ట్ర క్యాంపుకు పంపుతారు. మా మండలం నుంచి ఒక్కరినే తీసుకుంటారని అన్నారు. ఎవరన్నారు? ఎంత ఆలోచించినా గుర్తు రాదు. బహుశా ఎవరూ అనలేదేమో. నాకు నేనే అనుకుని, అనుకున్నదాన్ని ఎవరో చెప్పినట్టు నమ్మి ఉంటాను. వచ్చిన కుర్రవాళ్ళందరినీ కలిపి రెండు జట్లు చేశారు. నేనొక వైపు, సాయిలు ఇంకో వైపు. మేము ఎదురెదురుగా నిలబడటం అదే మొదటిసారి.

ఇక్కడ ఆట సంగతి ఒకటి చెప్పాలి. కూతకు వచ్చినవాడు ఒకే ఊపిరి మీద "కబడ్డీ కబడ్డీ" అంటూ ఉండాలని అందరికీ తెలుసు. పట్టుబడ్డాక కూడా ఊపిరి ఉన్నంతసేపు పెనుగులాడవచ్చు, నడిగీత అందితే పట్టినవాళ్ళందరూ ఔట్. ఊపిరి తెగితే అతను ఔట్, అంపైర్ విజిల్ వేస్తాడు, అందరూ వదిలేస్తారు. కానీ డప్పుల మోత, జనం అరుపులు. అంపైర్‌కు అన్నిసార్లూ వినపడదు. ముందుగా వినపడేది పట్టుకున్నవాడికి. మొహం అతని నడుము దగ్గరో తొడ దగ్గరో ఉంటుంది, ఊపిరి తెగడం చెవికి వినపడుతుంది, చేతికి కూడా తెలుస్తుంది. తెగగానే ఒళ్ళు సడలిపోతుంది. అప్పటిదాకా బిగబట్టిన కండలు ఒక్కసారి వదులైపోతాయి. అందుకే విజిల్ కోసం చూడకుండా చెయ్యి వదలాలి. ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. పట్టు నేర్పేటప్పుడే పెద్దవాళ్ళు చెవి మెలేసి మరీ చెప్పేవాళ్ళు: కూత ఆగినంక పట్టు ఉండొద్దు. బిగువున్న కాలు తట్టుకుంటుంది. సడలిన కాలు తట్టుకోదు.

సాయిలు కూతకు వచ్చాడు. ఇద్దరిని తాకి వెనక్కి తిరుగుతున్నాడు. నేను కింద నుంచి దూకి మడమ పట్టుకున్నాను. ఇంకో ఇద్దరు మీద పడ్డారు. అతను మమ్మల్ని ముగ్గురినీ ఈడ్చుకుంటూ గీత వైపు పోతున్నాడు, నోట కూత వస్తూనే ఉంది. ఎంత బలం ఆ మనిషికి! నా మోచేతులు మట్టిలో చీరుకుపోయాయి. చెయ్యి చాచితే గీత అందుతుంది. అప్పుడు తెగింది. "కబ" అని ఆగిపోయింది. తర్వాత ఒక చిన్న గాలి, దిగుడుబావిలో రాయి పడ్డాక పైకి వచ్చే చప్పుడు లాంటిది. నాకు వినపడింది. చేతిలో కాలు మెత్తబడింది.

వదల్లేదు.

వదలకపోవడమే కాదు. తిప్పాను. ఈ మాట రాయడానికి చాలాసేపు ఆగాను. ఇన్నేళ్ళూ నాకు నేను కూడా "జారింది" అని చెప్పుకున్నాను. జారలేదు. రెండు చేతులతో పట్టి లోపలికి తిప్పాను. కాలు విరగ్గొట్టాలని అనుకున్నానా? లేదు, అది నిజంగా అనుకోలేదు. వీడు రేపు ఆడకూడదు, అంతవరకే అనుకున్నాను. కానీ ఇందులో "అంతవరకే" అనడానికి ఏముంది? నిప్పు పెట్టినవాడు గడ్డివాము వరకే కాలాలనుకున్నానంటే ఎవరు వింటారు? మోకాలి దగ్గర ఒక శబ్దం వచ్చింది. తర్వాత సాయిలు అరుపు. ఆ అరుపుతో డప్పులు ఆగిపోయాయి.

అంపైర్‌గా ఉన్నది ఒక వ్యాయామం సారు, ముక్కుసూటి మనిషి. నా దగ్గరికి వచ్చి మొహంలోకి చూశాడు. కూత ఆగాక పట్టు తిప్పితే ఆటలోంచి గెంటేస్తారు, మళ్ళీ ఏ ఎంపికకూ పిలవరు.

"నువ్వు తిప్పినప్పుడు కూత ఉండెనా?" అన్నాడు.

"ఉండె సార్" అన్నాను.

ఆయన ఇంకాసేపు చూశాడు. నేను కళ్ళు దించలేదు. అబద్ధం చెప్పేటప్పుడు కళ్ళు దించకూడదని నాకు ఎవరు నేర్పారో తెలియదు, ఆ క్షణానికి వచ్చేసింది. మీద పడ్డ మిగతా ఇద్దరిని అడిగితే మాకు తెలియదన్నారు. వాళ్ళకు నిజంగానే తెలియదు. సారు పుస్తకం మూసి, పాపం, మొండితనానికి పోయి కాలు పోగొట్టుకున్నాడు అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి జనంలోకి, జనం నుంచి ఊళ్ళోకి పోయింది. పొద్దు గూకేలోపు సాయిలు మొండి సాయిలు అయ్యాడు.

కాలు అతుక్కుంది కానీ సరిగ్గా మడత పడదు. తాడెక్కే పని పోయింది. వాళ్ళ నాయన పోయేదాకా అతన్ని తిడుతూనే ఉన్నాడు. ఔటైతే ఔటయ్యేవాడివి, ఆ కూత వదిలేస్తే నీ సొమ్మేం పోయేదిరా, నాలుగు తరాల పని నీ మొండితనంతో పాయె అని. వాళ్ళ ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు ఆ తిట్లు నాకు వినపడేవి. నడక తొందర చేసేవాణ్ణి. సాయిలుకు ఆ నిమిషం గుర్తు లేదు. నొప్పి దాన్ని తుడిచేసింది. మంచం మీద ఉన్నప్పుడు చూడడానికి వెళితే, అందరూ అంటున్నారు కదా, నేనే కూత వదల్లేదేమో అన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. బత్తాయిలు ఇచ్చి వచ్చాను.

మరి నాకేం దక్కింది? రాష్ట్ర క్యాంపుకు నన్నే పిలిచారు. పోయాను. అక్కడ నాలాంటి పట్టుగాళ్ళు కొల్లలు. ఒక సీజనంతా అదనపు ఆటగాడిగా గీత బయట కూర్చుని నీళ్ళ సీసాలు అందించాను. ఒక్క ఆటలో కూడా లోపలికి దించలేదు. చివర్లో వీపు మీద రాష్ట్రం పేరున్న ట్రాక్‌సూట్ ఒకటి ఇచ్చారు. దాని కోసం చేశానా ఇదంతా? ఆ ట్రాక్‌సూట్ వేసుకునే బహ్రెయిన్‌లో దిగాను. చిరిగిపోయేదాకా చలికాలం అదే తొడిగాను. మా లేబర్ క్యాంపులో కుర్రవాళ్ళు వీపు మీది అక్షరాలు చదివి, అన్న స్టేట్ ప్లేయర్ అని మర్యాద ఇచ్చేవాళ్ళు. వద్దనలేదు.

కొన్నేళ్ళకు నా అరబ్బు యజమానిని, అదే నా కఫీల్‌ను బతిమాలి సాయిలుకు వీసా తెప్పించాను. కాలు సరిగా లేని మనిషి కదా, బరువు పని కాకుండా సల్మానియాలో ఒక ఆఫీసులో చాయ్ కాచే పని చూశాను. ఊరంతా నన్ను మెచ్చుకుంది. సాయిలు భార్య నా కాళ్ళకు మొక్కబోయింది. అప్పటి నుంచి అతను సెలవుకు పోయి వచ్చినప్పుడల్లా నాకోసం మామిడికాయ తొక్కు వేరే డబ్బాలో పంపుతుంది. తిన్నాను. రుచిగా ఉండేది కూడా. చేసిన పాపానికి బదులు తీరుతోందని ఆ ముద్దలు మింగుతూ అనుకునేవాణ్ణి. తీరడం ఏమిటి? దొంగిలించినవాడే దాత వేషం వేసుకుంటే బదులు తీరినట్టా? కానీ మనిషి మనసు తనకు కావలసిన లెక్క తానే వేసుకుంటుంది. నాకు చాలా ఏళ్ళు ఆ లెక్కతో నడిచిపోయింది.

శుక్రవారాలు హిద్‌లో, పోర్టు క్రేన్లు కనపడే ఒక ఖాళీ స్థలంలో మావాళ్ళు కబడ్డీ ఆడతారు. ఇసుక పోసి, గీతలు గీసి, అంతా మనవాళ్ళే, కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్ళు. నేను అంపైర్‌ని. సాయిలు కుర్రవాళ్ళకు కూత నేర్పుతాడు. పట్టుబడితే దమ్ వదిలేయండిరా, నాలెక్క కావద్దు అని ప్యాంటు పైకి లాగి మోకాలు చూపిస్తాడు. నేను విజిల్ నోట్లో పెట్టుకుని అటు చూడకుండా ఉంటాను. నా చెవి చాలా పదునైనదని అందరికీ నమ్మకం. ఊపిరి తెగిందో లేదో అన్నకు తెలిసినట్టు ఎవరికీ తెలియదంటారు. కొంటె కుర్రవాళ్ళు, మా దమ్ తెగకముందే విజిల్ కొడుతున్నావని ఎగతాళి చేస్తారు. నిజమే, కొడతాను. ఎవరి కాలైనా పట్టులో ఉంటే తెగేదాకా ఆగలేను.

ఇక రెండోసారి సంగతి. సాయిలుకు లేక లేక పుట్టిన కూతురు అనూష. ఇంటర్ చదువుతోంది. కబడ్డీ ఆడుతుంది, కూతకే వెళుతుంది. వాళ్ళ నాన్నకు ఇష్టం లేకపోయినా బడిలో మొదలుపెట్టి జిల్లా దాకా వచ్చింది. ఈ చలికాలం రాష్ట్ర అమ్మాయిల క్యాంపుకు ఎంపికైంది. సాయిలు ఒప్పుకోలేదు. ఒక శుక్రవారం ఆట అయిపోయాక గట్టు మీద కూర్చున్నాం. చేతుల్లో చాయ్ గ్లాసులు, సముద్రం మీద నుంచి చలిగాలి. అతను ఫోన్‌లో కూతురితో మాట్లాడుతూ మాట్లాడుతూ నా వైపు తిరిగాడు.

"అన్నా, గీ పోరికి నువ్వు జెర సమ్జాయించు. నా మాట ఇంటలేదు."

"నీ బిడ్డ. నేనేం చెప్పాలె?"

"నాకేమైందో చెప్పు. నా రక్తమే కదనే, పట్టుకుంటే ఇడ్వదు. రేపు కాలిరగ్గొట్టుకుంటే ఎవలు జూడాలె? నువ్వు పక్కనున్నోనివి. నువ్వు చెప్తె నమ్ముతది."

ఫోన్ నా చేతిలో పెట్టాడు. తెర మీద ఆ పిల్ల మొహం. జడ వేసుకుని ఉంది, ఏడ్చినట్టుంది.

"పెద్దబాపు, మంచిగున్నవా?"

"మంచిగున్న బిడ్డా."

"మా కబడ్డీ మేడమ్ ఒక మాట అన్నది పెద్దబాపు. కూత ఉన్నంతసేపు కాలు బిర్రుగ ఉంటదట, గట్ల ఇరగదట. కూత ఆగినంక ఇడ్సిపెట్టకుంటెనే ఇరుగుతదట. మీ బాపుది తప్పు కాకపోవచ్చు అన్నది."

 పక్కన సాయిలు తన చెడ్డకాలు చాపుకుని, చాయ్ ఊదుకుంటూ, నేనేం చెబుతానో అని నా మొహం చూస్తున్నాడు. ఎంత నమ్మకంగా చూస్తున్నాడో! ఆ పిల్ల ఫోన్‌ను దగ్గరగా పెట్టుకుంది.

"పట్టుకున్నది నువ్వే కదా పెద్దబాపు. నువ్వు చెప్పు. బాపు కూత ఉండెనా?"

అదే ప్రశ్న. ఆ సారు అడిగిన మాటలే, కాకపోతే ఆడపిల్ల గొంతు. ఆ క్షణంలో నా బుర్రలో ఏం తిరిగిందో ఎన్నిసార్లో వెతికాను. అక్కడ కుర్రవాళ్ళు గుంపుగా ఉన్నారు, వాళ్ళ ముందు ఎలా? సాయిలు ఏమైపోతాడు? నా పెళ్ళాం, నా కొడుకు వింటే? ఇవన్నీ తర్వాత నేను పేర్చుకున్నవి. ఆ క్షణానికి వాటిలో ఒక్కటీ లేదు. అలవాటైన దారిలో ఎద్దు పోయినట్టు నోరు దానంతటది పోయింది.

"ఉండె బిడ్డా."

ఆ పిల్ల "గట్లనా" అంది. ఇంకాసేపటికి "సరే పెద్దబాపు" అంది. సాయిలు ఫోన్ తీసుకుని, ఇన్నవా, నేను చెప్తలేనా అన్నాడు. పెట్టేశాక నా వీపు మీద చరిచి, "నీ రుణం తీరదన్నా" అన్నాడు. చాయ్ చల్లారిపోయింది. పారబోస్తే అడుగుతాడని తాగేశాను.

ఆ "సరే" నన్ను పట్టుకుంది. కోపంగా అని ఉంటే తట్టుకునేవాణ్ణి. నన్ను నమ్మి అంది. వాళ్ళ నాన్న తప్పు కాదేమో అన్న ఒక్క ఆశ పెట్టుకుని అడిగింది, దాన్ని నేను నలిపేస్తే సరే అంది. తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. మెట్లు తుడుస్తూ ఏ అంతస్తులో ఉన్నానో మరిచిపోయేవాణ్ణి. మూడో అంతస్తు కేరళ అమ్మ, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. క్యాంపు మొదలవడానికి ఇంకా రోజులున్నాయి, రేపు చెబుతాను అనుకున్నాను. ఆ రేపు అలాగే జరుగుతూ పోయింది. చెబితే ఏమవుతుంది? సాయిలు నన్ను కొట్టవచ్చు. కొడితే మంచిదే. మొహం చూడనంటే? ఈ దేశంలో నన్ను చిన్నప్పటి నుంచి అన్నా అని పిలిచిన మనిషి అతనొక్కడే. ఆ పిలుపు పోతుందనే ఆగాను. చూశారా, అప్పుడు కూడా నా సంగతే చూసుకున్నాను. అవతల ఒక పిల్ల పొద్దున్నే లేచి పరుగెత్తడం మానేసిందని సాయిలు చెప్పగా విని కూడా.

తర్వాతి శుక్రవారం హిద్‌కు పోకుండా, పొద్దున్నే సల్మానియాలో సాయిలు గదికి పోయాను. గదిలో మిగతావాళ్ళు బజారుకు పోయారు. అతను నేల మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు, చెడ్డకాలు ఎప్పటిలాగే పక్కకు చాపి. నన్ను చూసి సంతోషపడ్డాడు, తిని పోదువు కూర్చో అన్నాడు. నేను కూర్చోలేదు.

"సాయిలూ, ఆ దినం నీ కూత ఆగింది" అన్నాను.

ఏ దినం అని అడగలేదు. కత్తి ఆగింది.

"మల్ల జెప్పు."

"ఆగింది. నేనిన్న. ఇన్నంకనే తిప్పిన. సార్‌కు అబద్ధం చెప్పిన. మొన్న బిడ్డకు గూడ చెప్పిన."

తల ఎత్తలేదు. కోసిన ముక్కలను చేత్తో ఒక పక్కకు జరుపుతూ ఉన్నాడు. మళ్ళీ ఇటు జరిపాడు. కొడతాడేమోనని నిలబడ్డాను. కొడితే బాగుండని నిలబడ్డాను. అప్పుడు గొంతు వచ్చింది, తిట్టే గొంతు కాదు, ఎవరికో లెక్క అప్పజెబుతున్నట్టుంది.

"మా బాపు సచ్చేదాక నన్ను మొండోడా అనే పిల్సిండు. ఆఖరికి నోట్ల నీళ్ళు పోస్తుంటె గూడ గట్లనే పిల్సిండు."

 అతను చేతులు తుడుచుకుని ఫోన్ తీసి కూతురికి కలిపాడు. నా చేతికి ఇచ్చాడు. ఆ పిల్లకు కూడా అదే చెప్పాను, ఒక్క మాట తగ్గించకుండా. విన్నది. ఏడ్చిందేమో తెలియదు, ఫోన్‌ను మొహానికి దూరంగా పెట్టింది. తర్వాత చెప్పింది, క్యాంపుకు రానని తను చెప్పేసరికి మేడమ్ నిన్ననే ఇంకో అమ్మాయి పేరు పంపేసిందట. ఆ అమ్మాయి బయల్దేరిపోయింది కూడా. ఫోన్ బాపుకు ఇవ్వండి అంది. పెద్దబాపు అనలేదు. ఇచ్చాను. సాయిలు దాన్ని చెవికి పెట్టుకుని, గోడ వైపు తిరిగి, నాకు చేత్తో తలుపు చూపించాడు.

వచ్చే ఏడు మళ్ళీ ఎంపికలుంటాయి కదా అని మీరు అనవచ్చు. నేనూ మెట్లు దిగుతూ అదే అనుకున్నాను. కానీ ఆటగాళ్ళకు వచ్చే ఏడు అంటే ఏమిటో నాకు తెలుసు. ఒక ఏడాది వదిలిన ఆట మళ్ళీ చేతికి వస్తుందన్న నమ్మకం లేదు. పెళ్ళి మాటలు రావచ్చు, చదువు మారవచ్చు, మేడమ్‌కు బదిలీ కావచ్చు. ఆ వారం రోజులు నేను నోరు తెరవనందుకు ఆ పిల్లకు ఏం పోయిందో ఇంకా ఎవరికీ తెలియదు. నాక్కూడా తెలియదు.

ఇంకో సంగతి చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగా ఉంది. సాయిలు గది నుంచి బయటికి వచ్చి సందు మలుపు తిరగగానే నాకు ఆకలేసింది. మామూలు ఆకలి కాదు, చిన్నప్పుడు ఆట ఆడి వచ్చాక వేసేంత ఆకలి. ఒక హోటల్‌లో కూర్చుని పరోటా, పప్పు తిన్నాను. అక్కడ ఒక మనిషి ఉల్లిగడ్డల ముందు కూర్చుని తన బతుకంతా మళ్ళీ మొదటి నుంచి చూసుకుంటున్నాడు, ఇక్కడ నేను ఇంకో పరోటా అడుగుతున్నాను. ఎలాంటి మనిషిని నేను? అయినా కడుపు నిండా తిన్నాను. ఎన్నో ఏళ్ళ తర్వాత ముద్ద గొంతులో అడ్డం పడకుండా దిగింది.

సాయిలు ఆ తర్వాత హిద్‌కు రాలేదు. నా ఫోన్ ఎత్తడు. సల్మానియా పోయి అతని ఆఫీసు కింద నిలబడ్డాను ఒకసారి. కిటికీలోంచి చూసి లోపలికి పోయాడు. క్షమించమని అడగడానికి పోలేదు. ఇంకేమైనా అంటాడేమో, ఆ మాటలు నాకు రావలసినవి కదా, తీసుకుందామని పోయాను. ఇవ్వలేదు. కుర్రవాళ్ళు, సాయన్న ఎందుకు వస్తలేడని అడిగారు. విజిల్ వాళ్ళ చేతిలో పెట్టి, గీత దగ్గర నిలబెట్టి మొత్తం చెప్పాను.  ఒకడు, నేను ట్రాక్‌సూట్ వేసుకున్న కాలం నుంచి తెలిసినవాడు, కింద ఉమ్మి వెళ్ళిపోయాడు.

ఇక్కడివాళ్ళకు చెప్పాను. కానీ ఊరికి తెలియదు. ఊళ్ళో ఇప్పటికీ సాయిలు పేరు ముందు మొండి అని తగిలించే పిలుస్తారు. అతని భార్యను మొండోడి పెళ్ళాం అంటారు. రేపు అనూషను కూడా అలాగే అంటారు. మా ఊరివాళ్ళు ఎవరైనా ఇది చదివితే, చదవనివాళ్ళకు చెప్పండి. సాయిలు మొండివాడు కాదు. ఊపిరి అయిపోగానే న్యాయంగా ఔటైన ఆటగాడు. కూత ఆగింది. ఆగిన సంగతి విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. విని, తిప్పి, ఆగలేదన్నాను.

నా తరఫున చెప్పవలసింది ఇంకేమీ లేదు.